ఎండీఏడీఎం, కెర్నల్ అప్‌గ్రేడ్: సర్వరు నిండా పెళ్ళి ఫొటోలు, చెయ్యి పెట్టాలంటే భయం

పర్లాకిమిడి స్టూడియో:

మాది పర్లాకిమిడి, నాన్న పెట్టిన ఫొటో స్టూడియో. ఊరు ఒడిశాలో ఉన్నా గిరాకీలో సగం పాతపట్నం వైపు నుంచే వస్తుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి కప్పు కారి, ఉన్న ఒక్క హార్డ్ డిస్కూ తడిసిపోయింది. ఆరేళ్ళ పెళ్ళిళ్ళు పోయాయి. ఆ దెబ్బకి పాత డెస్క్‌టాప్‌లో రెండు 4 టీబీ డిస్కులు పెట్టి రెయిడ్ 1 చేశాను, అంటే ఒకదాంట్లో రాసిందే రెండోదాంట్లోనూ రాస్తుంది. డిస్కుల్లో రెండేసి భాగాలు చేసి కలిపిన జతలివి: ఎండీ0లో సిస్టమ్, ఎండీ1లో ఫొటోలు.

ఇప్పుడున్నది డెబియన్ 11 (లైనక్స్‌లో ఒక రకం). దాని ఎల్‌టీఎస్, అంటే భద్రతా అప్‌డేట్లు వచ్చే గడువు, 2026 ఆగస్టు 31 వరకే. 12కి వెళ్తే కెర్నల్ (సిస్టమ్‌కి గుండెకాయ) 5.10 నుంచి 6.1కి, ఎండీఏడీఎం (రెయిడ్ పనులకి వాడే ప్రోగ్రాము) 4.1 నుంచి 4.2కి మారతాయి.

నా భయం ఊరికే కాదు. పోయినసారి 10 నుంచి 11కి మార్చి రీబూట్ చేస్తే ఎండీ1 మాయమై ఎండీ127 అని ఏదో వచ్చింది. సర్వరు పూర్తిగా లేవకుండా ఎమర్జెన్సీ మోడ్‌లో కూర్చుంది. బయట బెంచీ మీద పెళ్ళికూతురి మేనమామ ఆల్బమ్ కోసం కూర్చున్నాడు. ఆయనకేం చెప్పను, మీ మేనకోడలు 127లో ఉందనా? మధ్యాహ్నానికి ఎలాగో లేచింది గానీ ఎందుకు లేచిందో ఇప్పటికీ తెలీదు.

ముందు ఎండీఏడీఎం మార్చాలా, కెర్నలా? ఒక డిస్కు పీకి దాచుకో, తేడా వస్తే అదే పెట్టుకోవచ్చు అని ఒక స్నేహితుడంటున్నాడు. చెయ్యొచ్చా? ఇప్పుడు మూఢం, పని తక్కువ. ముహూర్తాలు మొదలయ్యేలోపు ఇది తేల్చుకోవాలి.

రాయగడ లైనక్స్:

తమ్ముడూ, వరస గురించి దిగులొద్దు. రెయిడ్‌ని నడిపేది కెర్నల్‌లో ఉన్న ఎండీ డ్రైవరు. ఎండీఏడీఎం మేస్త్రీ లాంటిది, కలుపు, తియ్యి, చూపించు అని చెప్తుంది అంతే. రెండిటినీ డెబియన్ ప్యాకేజీల పని చూసే ఏపీటీ తెచ్చి పెడుతుంది. డిస్కు మీదున్న సూపర్‌బ్లాకు, అంటే రెయిడ్ వివరాల చీటీ (నీది 1.2 రకమే అయ్యుంటుంది, డిస్కు భాగం మొదలు నుంచి 4 కేబీ దగ్గర ఉంటుంది) అప్‌గ్రేడ్‌లో మారదు.

ఇరుక్కునేది ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ దగ్గర. అసలు సిస్టమ్ లేవకముందు కెర్నల్ చంకన పెట్టుకొచ్చే చిన్న మూట అది. ఎండీఏడీఎం కాన్ఫ్ ఫైలు (సెట్టింగులది) నకలు అందులో ఉంటుంది. ఆ నకలులో నీ ఎండీ1 వివరం లేకపోతే, పరాయి వాళ్ళ అరే (రెయిడ్ జత) అనుకుని 127 నుంచి కిందికి లెక్కపెట్టి పేరు పెట్టేస్తుంది. బూట్‌లో ఏ భాగం ఎక్కడ తగిలించాలో రాసుండే ఎఫ్‌స్టాబ్‌లో నువ్వు ఎండీ1 అని రాసుకున్నావు కాబట్టి అది దొరక్క ఆగిపోయింది.

అందుకని ఎండీఏడీఎం డీటెయిల్ స్కాన్ కొట్టి, వచ్చిన రెండు యూయూఐడీలూ (ఒక్కో అరేకి ఉండే గుర్తింపు నంబరు) కాన్ఫ్ ఫైలులో ఉన్నాయో లేదో చూడు. ఎఫ్‌స్టాబ్‌లో ఎండీ1 పేరు తీసేసి ఫైల్‌సిస్టమ్ యూయూఐడీ రాయి, ఫొటోల లైనుకి నోఫెయిల్ చేర్చు, అది దొరక్కపోయినా బూట్ ఆగదు. ఆ తర్వాత అప్‌డేట్ ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ నడిపి, 11లో ఉండగానే ఒకసారి రీబూట్ చెయ్యి. ఇది మాత్రం మానొద్దు. లేకపోతే రేపు ఏదైనా వస్తే పాత జబ్బో కొత్త జబ్బో తేలదు.

డిస్కు పీకడం వద్దు. అప్‌గ్రేడ్ అంతా ఒంటి డిస్కు మీద నడుస్తుంది, అది ఆ రాత్రే పోతే? పైగా పీకినదాంతో విడిగా నడిపి, తర్వాత రెండూ మళ్ళీ కలిపి పెడితే రెండూ నేనంటే నేను అసలు అంటాయి. యూఎస్‌బీ డిస్కు కొని ఫొటోలు కాపీ చేసుకో. రెయిడ్ ఉంటే బ్యాకప్ ఉన్నట్టు కాదు, తిత్లీ నీకు చెప్పే ఉంటుంది.

బరంపురం సిస్టమ్స్:

గురువుగారు చెప్పినదానికి నా దెబ్బలు రెండు కలుపుతున్నాను.

గ్రబ్, అంటే బూట్‌లో కెర్నల్‌ని లేపేది, రెండు డిస్కుల మీదా ఉందా? నాది మొదటి డిస్కు మీదే ఉండేది. ఆ డిస్కు పోయిన రోజున డేటా భద్రంగా ఉంది, సర్వరు మాత్రం లేవలేదు. గ్రబ్ పీసీ ప్యాకేజీని డీపీకేజీ రీకాన్ఫిగర్ చేస్తే డిస్కులు అడుగుతుంది, రెండిటికీ టిక్ పెట్టండి. ఇది పాత పద్ధతి బయాస్ బూట్ అయితేనే. కొత్త పద్ధతి యూఈఎఫ్ఐ అయితే రెండో డిస్కులో ఈఎఫ్ఐ భాగం విడిగా చూసుకోవాలి.

రెండోది, డెబియన్ 12 నుంచి ఫ్రీ కాని ఫర్మ్‌వేర్ (హార్డ్‌వేర్ నడవడానికి కావాల్సిన ఫైళ్ళు) చాలావరకు నాన్ ఫ్రీ ఫర్మ్‌వేర్ అనే కొత్త విభాగంలోకి వెళ్ళింది. ఏపీటీ సోర్సెస్ ఫైలులో అది చేర్చకపోతే కొన్ని నెట్‌వర్క్ కార్డులు మొరాయిస్తాయి. మానిటరు, కీబోర్డు తగిలించుకునే కూర్చోండి. నెలలో మొదటి ఆదివారం మాత్రం వద్దు, శనివారం అర్ధరాత్రి దాటాక డెబియన్ రెయిడ్ మొత్తం తనిఖీ మొదలుపెడుతుంది.

పర్లాకిమిడి స్టూడియో:

కాన్ఫ్ ఫైలు తెరిస్తే నవ్వొచ్చింది. ఎండీ0 ఒక్కటే ఉంది, ఎండీ1 అసలు లేనేలేదు. ఇన్నాళ్ళూ అదృష్టం మీద నడిచిందన్నమాట.

కానీ ఎందుకైనా మంచిదని స్మార్ట్ (డిస్కు ఆరోగ్యం రిపోర్టు) కూడా చూశాను. ఎండీస్టాట్‌లో రెండు యూలు కనబడుతున్నాయి (రెండు డిస్కులూ పనిలో ఉన్నట్టు) గానీ, రెండో డిస్కులో కరెంట్ పెండింగ్ సెక్టార్లు (చదవడానికి మొరాయిస్తున్నవి) 16 అని ఉంది. ముందు ఏది చెయ్యాలి?

రాయగడ లైనక్స్:

డిస్కు. అప్‌గ్రేడ్ సంగతి పక్కన పెట్టు. కేబినెట్‌లో ఖాళీ ఉంటే కొత్త డిస్కు మూడోదిగా తగిలించి, విభాగాలు పాతదాని కొలతలకే చేసి, రెండు అరేలకీ కలిపి, ఎండీఏడీఎంలో రీప్లేస్ వాడు. కాపీ అయ్యేదాకా పాతది కూడా పనిలోనే ఉంటుంది. ముందే ఫెయిల్ కొట్టి తీస్తే అన్ని గంటలూ ఒంటికాలి మీద నిలబడ్డట్టే. సెకనుకి 150 ఎంబీ వచ్చినా 4 టీబీకి ఏడు గంటల పైనే. మీ ఊరి కరెంటు సంగతి నాకు తెలుసు, యూపీఎస్ బ్యాటరీ చూసుకో.

పర్లాకిమిడి స్టూడియో:

అయిపోయింది. శ్రీకాకుళం నుంచి డిస్కు తెప్పించి రీప్లేస్ పెడితే తొమ్మిది గంటలు పట్టింది, మధ్యలో కరెంటు రెండుసార్లు పోయింది, యూపీఎస్ కాపాడింది. గ్రబ్ రెండిటికీ ఎక్కించాను. నిన్న రాత్రి స్క్రీన్ సెషన్‌లో (కనెక్షన్ తెగినా పని ఆగనిది) 12కి మార్చాను. రీబూట్ అప్పుడు టెన్షన్‌తో టీ కూడా తాగలేకపోయాను. 6.1తో లేచింది, ఎండీ1 ఎండీ1గానే ఉంది. 5.10 ఇంకా గ్రబ్ మెనూలో ఉంచాను, పాతవి తీసేసే ఆటోరిమూవ్ జోలికి పోలేదు. 13 సంగతి ముహూర్తాలయ్యాకే.

తీసేసిన డిస్కు అలా టేబుల్ మీదే ఉంది. పాత సామాన్ల వాడు వంద ఇస్తానంటున్నాడు.

బరంపురం సిస్టమ్స్:

ఇవ్వకండి బాబూ. అది మిర్రర్‌లో సగం, అంటే ఫొటోలన్నీ అందులోనూ ఉన్నాయి. ముందు డేటా మీద చెత్త రాసి చెరిపేసే ష్రెడ్ నడపండి, తర్వాత మేకు దింపండి.