అప్‌డేట్: ట్యాలీలో ఊరివారీగా రైతుల బాకీలు

మా ఎరువుల షాపు అరువు ఖాతాలన్నీ ట్యాలీ లెక్కల సాఫ్ట్‌వేర్‌లో, మనకు బాకీ ఉన్నవాళ్ల గ్రూపైన సండ్రీ డెటర్స్‌లో ఒకే కుప్పగా ఉన్నాయి, ఏ ఊరి బాకీ ఎంతో ఎలా చూడాలని అడిగాను కదా. మీరు చెప్పినట్టే ఆ గ్రూపు కిందే కొల్లూరు, వేమూరు, అమృతలూరు పేర్లతో సబ్‌గ్రూపులు చేశాను. ఒక్కో రైతు లెడ్జర్ (ఖాతా) తెరిచి, మార్పులు చేసే ఆల్టర్‌లోకి వెళ్లి ‘అండర్’ దగ్గర ఊరు మార్చడమే. రెండు రాత్రులు పట్టింది. పాత వోచర్లు (అమ్మకాలు, వసూళ్ల ఎంట్రీలు) మళ్లీ ఎక్కించాల్సి వస్తుందేమోనని భయపడ్డాను. అక్కర్లేదు, లెడ్జర్‌తో పాటే అన్నీ వచ్చేశాయి, మొత్తం బాకీ పైసా కూడా మారలేదు.

ఇంకో తప్పూ దొరికింది. మా ఓడీ (ఓవర్‌డ్రాఫ్ట్, అంటే ఖాతాలో ఉన్నదానికి మించి బ్యాంకు వాడుకోనిచ్చే డబ్బు) ఖాతాను బ్యాంక్ అకౌంట్స్‌లో పెట్టుకున్నాను. అది అప్పు కదా, బ్యాంక్ ఓడీ గ్రూపుకి మార్చాను.

నిన్న నాన్నగారు వేమూరు వసూళ్లకు వెళ్తుంటే ఆ ఊరి లిస్టు ఒక్కటే ప్రింటు తీసి ఇచ్చాను. ఓపిగ్గా చెప్పిన అందరికీ చాలా థ్యాంక్సండీ.