రామప్ప, బొగత ఒకే రోజులో చూసి రావచ్చా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. వచ్చే వారం మా అన్నయ్య కుటుంబం హైదరాబాదు నుంచి హనుమకొండలోని మా ఇంటికి వస్తోంది. తిరగడానికి వారికి ఒక్క రోజే తీరిక ఉంది. రామప్ప గుడి, లక్నవరం చెరువు కలిపి ఒక రోజు, బొగత జలపాతం ఇంకొక రోజు చూసి రావడం ఇక్కడి వాడుక. ఈ రెండు ప్రయాణాలనూ ఒకే రోజులో ముగించవచ్చా? సొంత కారు ఉంది. మా అమ్మకు 68 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు ఉన్నాయి. చిన్న పిల్లలు ఇద్దరు. ఉదయం దగ్గరగా ఉన్న రామప్పతో మొదలుపెట్టి, మధ్యాహ్నం లక్నవరం చూసుకుని, సాయంత్రానికి బొగత చేరుకోవాలని అనుకుంటున్నాము.

జవాబు:
నమస్కారమండీ. వరుస మార్చి, లక్నవరాన్ని వదులుకుంటే తప్పకుండా కుదురుతుంది. హనుమకొండ నుంచి ములుగు సుమారు 50 కిలోమీటర్లు, అక్కడి నుంచి పస్రా, తాడ్వాయి మీదుగా ఏటూరునాగారం దాదాపు మరో 50, ఆపైన ముల్లకట్ట వంతెన మీద గోదావరి దాటి వాజేడు మండలంలోని బొగతకు ఇంకొక 25 నుంచి 30 ఉంటుంది. దారిలో ఆగకుండా వెళ్లినా మూడు గంటలు పడుతుంది. రామప్ప గుడి ఈ దారికి పక్కనే, ములుగు దాటాక జంగాలపల్లి దగ్గర మలుపు తిరిగితే వచ్చే పాలంపేటలో ఉంది. కాబట్టి ఉదయం ఐదున్నరకే బయలుదేరి ముందుగా బొగతకు వెళ్లి, తిరుగు ప్రయాణంలో రామప్ప చూడండి.

దగ్గరిది ముందు చూద్దామని మేము కూడా ఒకసారి మీలాగే వెళ్లాము. బొగత చేరేసరికి లోపలికి పంపే వేళ దాటిపోయింది. జలపాతం చప్పుడు వినపడుతున్నా చూడలేక వెనుదిరిగాము. ఆ తరువాత తాడ్వాయి అడవిలో చీకటి పడింది. వెనుక సీటులో పిల్లలు, ముందు దీపాల వెలుతురుకు బెదిరి రోడ్డు మధ్యలో నిలబడిపోయిన పశువులు. ఆ గంటసేపు నేను పడ్డ ఆందోళన ఇప్పటికీ గుర్తుంది. పొద్దుగూకక ముందే ఆ అడవి దాటేలా చూసుకోండి.

బొగతలో పదకొండున్నర దాటనివ్వకండి. ఏటూరునాగారంలో గాని, ములుగులో గాని భోజనం చేస్తే రెండున్నరకల్లా రామప్ప చేరుకుంటారు. ఆ గుడికి కనీసం రెండు గంటలు ఇవ్వమని నా మనవి. కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన ఈ ఆలయానికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చినప్పటి నుంచి జనం పెరిగారు. అయితే చాలామంది నంది ముందు ఫొటో దిగి వెళ్లిపోతున్నారు. చూరు కింద మదనికలు అనే నల్లరాతి స్త్రీ శిల్పాలు ఉంటాయి. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు అవి నీడలో పడి సరిగా కనబడవు, పొద్దు వాలుతున్నప్పుడే వాటి నునుపు తెలుస్తుంది. వాటిలో ఒకామె కాళ్లకు ఎత్తు మడమల పాదరక్షలు ఉన్నాయి, మీ పిల్లలకు తప్పక చూపించండి.

మరొక సభ్యుని జవాబు:
పై సలహాతో ఏకీభవిస్తున్నాను. మాది ఏటూరునాగారం కాబట్టి ఒక మాట చేరుస్తాను. వానలు బాగా పడి వరద ఉధృతి పెరిగినప్పుడు బొగత సందర్శన ఆపేస్తారు. బయలుదేరే ముందు రోజే వాజేడు వైపు తెలిసినవారిని ఎవరినైనా అడగండి. వేసవిలోనైతే నీళ్లు బాగా తగ్గిపోతాయి, అప్పుడు అంత దూరం రావడం దండగ. మేడారం జాతర రోజులలో ఈ దారిన కారులో విహారానికి రావాలనే ఆలోచనే పెట్టుకోవద్దు.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. ఒకవేళ బొగత మూసి ఉంటే ఏమి చేయాలి? బొగతలో అమ్మ నడవగలదా?

జవాబు:
బొగత మూసి ఉందని తెలిస్తే మీ మొదటి ఆలోచనే మంచిది. ఉదయం రామప్ప, అక్కడికి దగ్గరలోనే గణపురంలో ఉన్న కోటగుళ్లు, మధ్యాహ్నం తరువాత లక్నవరం చూడండి. అమ్మగారు వేలాడే వంతెన మీద నెమ్మదిగా నడవవచ్చు, లేదా గట్టు మీద కూర్చున్నా చెరువంతా కనిపిస్తుంది. బొగతలో మాత్రం కారు ఆపిన చోటి నుంచి కొంత నడవాలి, తడిసిన రాళ్లు జారుతాయి. నీటి అంచు దాకా తీసుకువెళ్లకుండా, జలపాతం ఎదురుగా కనిపించే చోట ఆమెను కూర్చోబెట్టి ఒకరు తోడుండండి. రామప్పలో చెప్పులు విడిచి రాతి మీద నడవాలి కనుక ఆమెకు ఒక జత మేజోళ్లు సంచిలో పెట్టుకోండి.