భారత్ డైనమిక్స్ సొంతంగా చేసేదేమిటి?

ప్రశ్న (చరిత్ర విద్యార్థి):
సభ్యులకు నమస్కారం. హైదరాబాదు క్షిపణుల గురించి వార్త వచ్చినప్పుడల్లా పత్రికలు ఒకసారి డీఆర్‌డీఓ అనీ, ఒకసారి డీఆర్‌డీఎల్ అనీ, మరోసారి భారత్ డైనమిక్స్ అనీ రాస్తున్నాయి. వీటిలో భారత్ డైనమిక్స్ కేవలం విదేశీ లైసెన్సులతో విడిభాగాలు బిగించే కర్మాగారమనీ, అసలు పరిజ్ఞానమంతా ప్రయోగశాలలదేననీ ఒక మిత్రుడు వాదిస్తున్నాడు. ఇందులో నిజమెంతో తెలిసినవారు వివరించగలరు.

విశ్రాంత ఇంజనీరు:
మీ మిత్రుని మాట తొలి దశకు చాలావరకు వర్తిస్తుంది గానీ, దానిని అయిదు దశాబ్దాలకూ సాగదీయడం సరికాదు. డీఆర్‌డీఓ రక్షణ శాఖ పరిశోధన సంస్థ. డీఆర్‌డీఎల్ దాని కింద హైదరాబాదులో ఉన్న ప్రయోగశాల. ఇవి రూపొందించిన దానిని సైన్యం కోరిన సంఖ్యలో తయారు చేసి ఇచ్చే ప్రభుత్వ రంగ కంపెనీ భారత్ డైనమిక్స్.

ఆయుధ కర్మాగారాల నుంచీ, డీఆర్‌డీఓ నుంచీ, విమాన పరిశ్రమ నుంచీ ఇంజనీర్లను సమకూర్చుకుని 1970లో మొదలైన ఈ సంస్థ తొలి ఉత్పత్తి ఎస్ఎస్-11బి1 అనే ఫ్రెంచి ట్యాంకు విధ్వంసక క్షిపణి. దానిని ప్రయోగించే సైనికుడు అటు ట్యాంకునూ, ఇటు క్షిపణి తోకన వెలిగే మంటనూ ఏకకాలంలో గమనిస్తూ చేతితో దారి మళ్లించవలసి వచ్చేది. తరువాత లైసెన్సుతోనే వచ్చిన మరో ట్యాంకు విధ్వంసక క్షిపణి మిలాన్‌లో ఆ భారం తగ్గింది. సైనికుడు గురిని ట్యాంకు మీద నిలిపి ఉంచితే చాలు. క్షిపణి ఎంత పక్కకు పోతోందో పరికరమే గుర్తించి, దాని వెనుక విప్పుకుంటూ పోయే సన్నని తీగ ద్వారా సవరణలు పంపుతుంది. సుమారు 2 కిలోమీటర్ల ఆ ప్రయాణం 12-13 సెకన్లలో ముగుస్తుంది, అంతసేపూ తీగ చిక్కుపడకూడదు, తెగకూడదు.

1983లో అబ్దుల్ కలాం సారథ్యంలో సమీకృత క్షిపణి కార్యక్రమం మొదలయ్యాక నేల మీది లక్ష్యాలను కొట్టే పృథ్వి, విమానాలను కూల్చే ఆకాశ్ వంటి స్వదేశీ క్షిపణుల ఉత్పత్తి భారత్ డైనమిక్స్‌కు వచ్చింది. అయితే లైసెన్సు ఉత్పత్తి పూర్తిగా పోలేదన్నది కూడా నిజమే. 2021 మార్చిలో 4,960 మిలాన్-2టి క్షిపణుల కోసం రక్షణ శాఖ ఈ సంస్థతో సుమారు 1,188 కోట్ల రూపాయల ఒప్పందం చేసుకుంది.

నాణ్యత తనిఖీ:
"బిగించడం" అన్న మాట తేలికగా వినిపిస్తుంది కాబట్టి ఒక విషయం చేర్చాలి. రక్షణ రంగానికి విడిభాగాలు చేసే ఒక చిన్న పరిశ్రమలో నేను తనిఖీ పని చూశాను. మోటారునో పంపునో అమ్మే ముందు నడిపి చూడవచ్చు; క్షిపణి ఒక్కసారే పనిచేస్తుంది, అది కూడా ఏళ్ల తరబడి డిపోలో పడి ఉన్న తరువాత. అందువల్ల ప్రతి భాగాన్నీ విడివిడిగా వేడిలోనూ చలిలోనూ కుదుపులలోనూ పరీక్షించి, ఘన ఇంధనంలో పగుళ్లు, బోలు చోట్లు ఉన్నాయేమోనని ఎక్స్‌రే తీసి, చివరకు ఒక్కో లాటు నుంచి కొన్నింటిని పేల్చి చూసి, వాటి ఫలితాన్ని బట్టి మిగిలినవాటిని అంగీకరిస్తారు. ఏ ముక్క ఏ లోహపు పోత నుంచి వచ్చిందో కాగితం మీద లేకపోతే, కొలతలన్నీ సరిగ్గా ఉన్నా అది పక్కకు పోవలసిందే.

ఆకాశ్ సంగతే చూడండి. ముందుగా ఘన ఇంధనపు బూస్టరు మండి క్షిపణికి వేగాన్నిస్తుంది. అది ఖాళీ చేసిన గదిలోకే నాలుగు పక్క గొట్టాల గుండా గాలి దూసుకువచ్చి, ఆ గాలితోనే ఇంధనాన్ని మండించే రామ్‌జెట్ ఇంజను మొదలవుతుంది. ఆ మార్పిడి ప్రతిసారీ జరిగేలా వందల సంఖ్యలో తయారు చేయడం ప్రయోగశాల పని కాదు. నా దృష్టిలో కర్మాగారం సొంత పరిజ్ఞానం ఇదే.

సంగారెడ్డి వాసి:
మా జిల్లాలో మరో గందరగోళం ఉంది. ఎద్దుమైలారంలోని ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీని కూడా చాలామంది భారత్ డైనమిక్స్ అనే అనుకుంటారు. అది 1980లలో వచ్చిన వేరే కర్మాగారం. బీఎంపీ-2 పోరాట వాహనాలు, అంటే మన శరత్‌లు, అక్కడే తయారవుతాయి. 2021 అక్టోబరు 1న ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ బోర్డును రద్దు చేసి ఏడు కంపెనీలుగా విడగొట్టినప్పుడు అది ఆవడి కేంద్రంగా ఉన్న ఆర్మర్డ్ వెహికల్స్ నిగమ్ కిందికి వెళ్లింది. భారత్ డైనమిక్స్‌కు కంచన్‌బాగ్‌తో పాటు మా వైపు భానూరులో ఒక యూనిట్ ఉంది. అయితే ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీకీ భారత్ డైనమిక్స్‌కూ సంబంధం లేకపోలేదు: శరత్ మీద అమర్చే కొంకుర్స్ అనే ట్యాంకు విధ్వంసక క్షిపణులను చేసేది భారత్ డైనమిక్సే.

చరిత్ర విద్యార్థి:
అందరికీ కృతజ్ఞతలు. మరి ఆకాశ్ విషయంలో భారత్ ఎలక్ట్రానిక్స్ పేరు ఎందుకు వినిపిస్తుంది?

విశ్రాంత ఇంజనీరు:
ఆకాశ్ అంటే ఒక్క క్షిపణి కాదు. రాడార్లు, లాంచర్లు, ఆదేశ కేంద్రాలు కలిసిన వ్యవస్థ. వాయుసేనకు ఇచ్చే ఆకాశ్‌కు ప్రధాన బాధ్యత రాడార్ల వంటివి చేసే మరో ప్రభుత్వ రంగ కంపెనీ భారత్ ఎలక్ట్రానిక్స్‌ది, సైన్యానికి ఇచ్చేదానికి భారత్ డైనమిక్స్‌ది. 2023 మార్చిలో సైన్యం కోసం కుదిరిన 8,160 కోట్ల రూపాయల పైచిలుకు ఒప్పందం ఆ పద్ధతిలోదే. రెండు సందర్భాలలోనూ క్షిపణులు మాత్రం భారత్ డైనమిక్స్ నుంచే వెళతాయి. భారత్ డైనమిక్స్ విశాఖపట్నం యూనిట్‌కు ఈ వ్యవహారంతో పని లేదు. అక్కడ తయారయ్యేవి నీటి అడుగున దూసుకుపోయి నౌకలను, జలాంతర్గాములను కొట్టే టార్పెడోలు, అదే నగరంలోని నౌకాదళ ప్రయోగశాల రూపొందించిన వరుణాస్త్రతో సహా.