గండికోట లోయలో మోటారు బోట్లు పెంచాలా, వలలకే వదిలేయాలా?

పెన్నా గట్టు:
గండికోటకు వచ్చినోళ్లు లోయ అంచున సెల్ఫీ దిగి సాయంత్రానికి బెంగళూరు దారి పడుతున్నారు. మైలవరం డ్యామ్ వైపు నుంచి లోయలోకి గంట సేపు బోటు తిప్పితే రాత్రి ఉండిపోతారు, జమ్మలమడుగులో నాలుగు హోటళ్లు బాగుపడతాయి. మా వీధిలో వలలేసేవాళ్లు మాత్రం వద్దంటున్నారు. ఎందుకో నాకు అర్థం కాలేదు.

పుట్టి మనిషి:
చెప్తా విను అన్నా. మేం వల పరిచేది పొద్దు వాలినాక, తీసేది తెల్లారినాక. గుర్తుకు ఖాళీ నీళ్ల సీసాలు కడతాం. పోయిన సంక్రాంతి సెలవుల్లో ఒక బోటు సూర్యోదయం చూపిస్తామని చీకట్లోనే బయల్దేరింది. నా వల దాని ఫ్యాన్‌కు చుట్టుకుంటే కత్తితో కోసి పారేసి పోయినారు. నాకు దొరికిన ముక్కలో రెండు బొచ్చె చేపలు ఇంకా కొట్టుకుంటా ఉన్నాయి. మిగతా వల ఎక్కడ మునిగిందో!

తాళ్లప్రొద్దుటూరోడు:
మమ్మల్ని ఇద్దరూ మర్చిపోయినారు. 26.85 టీఎంసీల గండికోట రిజర్వాయరు నింపాలని 2020లో మా ఊరు ఖాళీ చేయించారు. చేపలు పట్టే లైసెన్సులైనా, బోట్ల మీద పనులైనా ముందు మాకే ఇవ్వాలి.

పుట్టి మనిషి:
నీ బాధ నిజమే తమ్ముడూ. కానీ మీ ఊరు మునిగింది గండికోట డ్యామ్ పైన, కోట కింద ఉండేవి మైలవరం నీళ్లు. పైగా బొచ్చె, రోహు గుడ్లు పెట్టాలంటే పారే వరద నీళ్లు కావాలి, నిలవ నీళ్లలో సరిగా పెట్టవు. అందుకే ఏటా చేప పిల్లల్ని తెచ్చి వదులుతారు. పిల్లలు అన్నే వదిలి లైసెన్సులు పెంచితే అందరికీ మిగిలేది ఉత్త వలే.

లైఫ్ జాకెట్:
డబ్బుల లెక్క సరే, ప్రాణాల లెక్క? 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర గోదావరిలో టూరిస్టు బోటు మునిగింది. అది వరద గోదావరి, ఇది పెన్నా అంటారేమో. ఇక్కడ నీళ్లు దిగేకొద్దీ నిన్న కనపడని బండ ఈరోజు బోటు అడుగుకు తగులుతుంది. దారి తెలిసిన జాలరి లేకుండా నేనైతే ఎక్కను. (మా ఆవిడ అసలే ఎక్కదు.)

పెన్నా గట్టు:
సరే, సూర్యోదయం ట్రిప్ వద్దు. ఎనిమిది తర్వాతే బోట్లు, ప్రతి దాంట్లో ఒక జాలరి. ఇప్పుడు ఒప్పుకుంటావా?

పుట్టి మనిషి:
ఎనిమిదికి ఒప్పుకుంటా. వల తెగితే డబ్బులెవరిస్తారో అది రాయి ముందు.