‘ఎవ్వారలుపేక్ష’లో ‘ఉ’ ఉందా, లేదా?

పెన్నగట్టు: పెద్దలకు నమస్కారం. ఒక పాదం పట్టుకుని వదలకుండా ఉండాది. తిక్కన భారతం ఉద్యోగపర్వంలో కృష్ణుడు కౌరవసభలో చదివే ‘సారపు ధర్మమున్ విమల సత్యము’ పద్యం. మూడో పాదం అందరూ ‘ఎవ్వారలుపేక్ష సేసి రది వారల చేటగు’ అంటారు. మా అయ్యవారు బడిలో ‘ఎవ్వారలు ప్రేక్ష సేసి రది’ అనే చెప్పేవారు. ఆయన పుస్తకం చూసి చెప్పేవారు కాదు, కళ్లు మూసుకుని చెప్పేవారు. నా చెవిలో అదే నిలిచిపోయింది. కాలేజీ సంచికకి శ్రీలంక 2002 కాల్పుల విరమణ ఒప్పందం మీద వ్యాసం రాస్తున్నా, ఈ పాదాన్ని నెత్తిన పెట్టుకుందామని ఆశ. ఉపేక్షా, ప్రేక్షా? పట్టించుకోకపోవటమా, ఊరికే చూస్తుండటమా?

కావలి మాస్టారు: ఉపేక్షే. అనుమానం ఎందుకొచ్చింది? ఉత్పలమాల. రెండో పాదం ‘దక్షు లె’ దగ్గర ఆగి, మూడోది ‘వ్వారలు’తో మొదలవుతుంది. గురువు, లఘువు, లఘువు. భగణం. ‘ప్రే’ పక్కన పెడితే ‘లు’ గురువై కూర్చుంటుంది, భగణం రగణమవుతుంది. తిక్కన గణం తప్పాడని చెప్పే ధైర్యం మీ అయ్యవారికున్నా నాకు లేదు.

అద్దంకి కుర్రోడు: మాస్టారూ, అంత తొందరగా తేల్చెయ్యకండి. ‘ఎవ్వారలు’ తెలుగు మాట, ‘ప్రేక్ష’ సంస్కృతం. రెండూ విడివిడి పదాలు, సమాసం కాదు. అలాంటి చోట వెనక లఘువుని ఊది పలకాల్సిన పని తెలుగు ఛందస్సులో లేదు, మన కవులందరూ వాడుకున్న వెసులుబాటే. అక్షరాల లెక్కా మారదు: వ్వా, ర, లు, పే. వ్వా, ర, లు, ప్రే. ఛందస్సుని సాక్షికి పిలిచారు గానీ అది రెండు వైపులా తలూపుతుంది.

కావలి మాస్టారు: వెసులుబాటు సంగతి నాకూ తెలుసు నాయనా. సరే, గణాలు పక్కన పెడదాం. ‘ప్రేక్ష సేయు’ అన్న ప్రయోగం తిక్కనలో ఇంకొకచోట చూపించు. పదిహేను పర్వాలున్నాయి, తీరిగ్గా వెతుక్కో.

ఉదయగిరి అక్క: వెతకనక్కర్లేదు, మూలం చూస్తే చాలు. వ్యాసుడు:

యత్ర ధర్మో హ్యధర్మేణ సత్యం యత్రానృతేన చ
హన్యతే ప్రేక్షమాణానాం హతాస్తత్ర సభాసదః

మనుస్మృతిలోనూ ఉంది ఇదే శ్లోకం. ‘ప్రేక్షమాణానాం’ దగ్గర ఆగండి. పెన్నగట్టు వాళ్ల అయ్యవారికి సంస్కృతం వచ్చుంటుంది, శ్లోకంలో ‘ప్రేక్ష’ వచ్చి పద్యంలో కూర్చుంది. అంతే జరిగింది.

కానీ నాకు అసలు ముచ్చట అది కాదు. వ్యాసుడిది ప్రేక్ష, తిక్కనది ఉపేక్ష. వ్యాసుడు సభలో కూర్చున్నవాళ్లందరినీ ఒకే గాటన కట్టాడు, చూస్తూ ఉన్నారు గనక చచ్చినట్టే అన్నాడు. తిక్కన ‘సభాసదః’ తీసేసి ‘దక్షులు’ పెట్టాడు. చేతనైనవాళ్లు. చూసినందుకు కాదు, చేతనై చెయ్యనందుకు చేటు అన్నాడు. ద్రౌపదిని ఈడ్చుకొచ్చిన సభలో వికర్ణుడూ ఉన్నాడు, భీష్ముడూ ఉన్నాడు. వ్యాసుడి లెక్కలో ఇద్దరూ సభాసదులే. నోరు విప్పిన వికర్ణుడు తిక్కన వలలో పడడు. ఈ మార్పు ఊరికే చేసింది కాదు.

పెన్నగట్టు: అక్కా, నా వ్యాసానికి వెన్నెముక దొరికింది. శ్రీలంకలో జరిగింది సరిగ్గా ఇదే. 2002 ఫిబ్రవరిలో ప్రధాని రణిల్ విక్రమసింఘే, తమిళ పులుల నాయకుడు ప్రభాకరన్ సంతకాలు చేశారు. నార్వే నడుమ ఉండి నడిపింది. ఒప్పందం అమలు చూడటానికి నార్వే, స్వీడన్, ఫిన్లాండ్, డెన్మార్క్, ఐస్‌లాండ్ మనుషులు వచ్చారు. వాళ్ల చేతిలో తుపాకీ లేదు, శిక్ష వేసే అధికారం లేదు. ఫిర్యాదు వస్తే పోయి చూడటం, ఉల్లంఘనో కాదో రాసుకోవటం. అచ్చంగా ప్రేక్ష!

దక్షులు వేరే ఉన్నారు. 2003 జూన్‌లో టోక్యోలో సాయం చేసే దేశాలన్నీ కూడి 450 కోట్ల డాలర్లు ఇస్తామన్నాయి, శాంతి ముందుకు నడిస్తేనే డబ్బు అన్నాయి. అమెరికా, జపాన్, యూరోపియన్ యూనియన్, నార్వే సహాధ్యక్షులు. పులులు అప్పటికే చర్చలు ఆపేసి టోక్యోకి రానేలేదు. కొలంబో ఆ డబ్బుని అంత అపురూపంగానూ చూడలేదు. నలుగురు సహాధ్యక్షులు కలిసి ప్రకటనలు చేశారు, ఆందోళన వెలిబుచ్చారు. 2006లో యూరోపియన్ యూనియన్ పులుల్ని ఉగ్రవాద జాబితాలో పెట్టింది. మీ దేశాలు ఆ కూటమిలో ఉన్నాయి గనక మీ మనుషులు వెళ్లిపోవాలని పులులు పట్టుబట్టారు. స్వీడన్, ఫిన్లాండ్, డెన్మార్క్ పోయాయి. నార్వే, ఐస్‌లాండ్ మిగిలాయి. ఒక చేత్తో పర్యవేక్షణ, ఇంకో చేత్తో నిషేధం, రెండు చేతులూ ఒకదాన్నొకటి అడగలేదు. 2008 జనవరిలో ప్రభుత్వం ఒప్పందం నుంచి తప్పుకుంది.

కోవూరు వరిచేను: ఉపేక్ష అంటే నిర్లక్ష్యం అని ఖాయం చేసుకుని మాట్లాడుతున్నారు అందరూ. నీతిసారం రాసిన కామందకుణ్ణి చదవండి. సామ, దాన, భేద, దండాలతో ఆగలేదు ఆయన. మాయ, ఉపేక్ష, ఇంద్రజాలం కలిపి ఉపాయాలు ఏడు. ఉపేక్ష రాజనీతిలో ఒక ఎత్తు! కలగజేసుకోకుండా ఉండి పని కానిచ్చుకోవటం. తిక్కన ఏం మామూలు కవా, మంత్రి. ఆ మాట ఆయన ఆ అర్థం తెలియకుండా వాడాడంటే నేను నమ్మను. సహాధ్యక్షులది సోమరితనం కాదు పెన్నగట్టన్నా, ఎత్తు.

ఉదయగిరి అక్క: వాదన బాగుంది వరిచేను గారూ, కానీ పద్యంలో ఇమడదు. ఉపాయం పన్నినవాడికి ఫలం ఉండాలి. భీష్ముడికి ఉపేక్ష వల్ల ఒరిగిందేమిటి, అంపశయ్య తప్ప? బౌద్ధులకి ఉపేక్ష గొప్ప గుణం, బ్రహ్మవిహారాల్లో నాలుగోది. అదీ ఇక్కడ కుదరదు. తిక్కన పక్కనే ‘చేటు’ అని అర్థాన్ని కట్టేశాడు.

కోవూరు వరిచేను: కట్టెయ్యలేదు, అందులోనే ఉంది వ్యంగ్యం. మీరు ఎత్తు అనుకుంటున్నది మీకే చేటు అంటున్నాడు కృష్ణుడు. ఇంకోసారి చదవండి.

కొత్త సభ్యుడు: అద్భుతమైన చర్చ. తిక్కన గారే ఇంకోచోట ‘ఐనను బోయి రావలయు హస్తిన’ అన్నారు కదా, రాయబారం మీద అంతకన్నా మంచి మాట ఉందా?

కావలి మాస్టారు: అది తిరుపతి వేంకట కవులది. నాటకం.

అద్దంకి కుర్రోడు: ఆ కొత్తాయన మీద కోప్పడకండి మాస్టారూ. పురమందిరంలో నాటకం చూసిన సగంమంది నెల్లూరోళ్లు అలాగే అనుకుంటారు.

పెన్నగట్టు: మా నెల్లూరోళ్లని అనేముందు ఒక సంగతి. మీ ఎఱ్ఱన గొప్పవాడే, కాదన్లేదు, కానీ రాయబారం రాసిన కవి స్వయంగా రాయబారానికి పోయిన ముచ్చట తెలుగులో మా తిక్కనకే ఉంది. దాయాదులు తరిమేస్తే ఆయన కొలిచిన రాజు మనుమసిద్ధికి నెల్లూరు పోయింది. తిక్కన ఓరుగల్లు పోయి గణపతిదేవుణ్ణి ఒప్పించాడు, కాకతీయుల సేన వచ్చి మనుమసిద్ధిని మళ్లీ గద్దె మీద కూర్చోబెట్టింది. సిద్ధేశ్వర చరిత్ర చెప్పే కథ. దక్షుడెవరో వెతుక్కుని, ఆయన ఉపేక్ష మాన్పించి వచ్చాడన్నమాట. ‘దక్షులు’ అన్న మాట గణం కోసం పడింది కాదని నేను అనేది ఇందుకే. ఓరుగల్లు సభలో నిలబడ్డవాడి మాట అది.

కనిగిరి పసులకాపరి: మా గొల్లల దొర కాటమరాజు ఊసు లేకుండా మనుమసిద్ధిని మాట్లాడతారేంది సామీ? ఓరుగల్లు సేనని తెచ్చుకున్న ఆ రాజ్యమే మాకేం చేసింది? కరువొస్తే మావాళ్లు మందల్ని తోలుకుని నెల్లూరు సీమ అడవులకి పోయారు. మేతకి బదులు కోడెదూడలు ఇచ్చేట్టు కౌలు. తర్వాత మాట మీద మాట వచ్చింది, మేత పన్ను, పుల్లరి కట్టండి అన్నారు వాళ్లు, కట్టం అన్నారు వీళ్లు. పాలేటి ఒడ్డున పంచలింగాల దగ్గర రెండు పక్షాలూ కూలాయి. మనుమసిద్ధి సేనాపతి, మీ ఖడ్గ తిక్కన పోయింది అక్కడే. విరిగిన పాల కథ ఎవరూ మొదలుపెట్టకండి, అందరికీ తెలుసు.

నేను చెప్పేది ఇది. కౌలు ఇద్దరి మధ్యే రాసుకున్నారు. మూడోవాడు లేడు. పైన పూచీ పడ్డవాడు ఒకడుంటే పంచలింగాల జరిగేది కాదు.

ఒంగోలు వకీలు: ఈ చివరి మాటకి చట్టంలో జవాబుంది. కొలంబియా చూడండి. 2016లో ప్రభుత్వం, ఫార్క్ గెరిల్లాలు చేసుకున్న ఒప్పందానికి క్యూబా, నార్వే పూచీ ఉన్నాయి. చిలీ, వెనెజులా తోడు నడిచాయి. పూచీ ఒక హోదా, తోడు ఇంకో హోదా, ఎవరి పని ఏమిటో ముందే తేల్చుకున్నారు. అక్టోబరు 2న జనవాక్యంలో వెంట్రుకవాసిలో ఓడిపోయింది. శ్రీలంకలాగా చేతులెత్తెయ్యలేదు. కూర్చుని తిరగరాసి నవంబరు 24న మళ్లీ సంతకాలు చేశారు. ఆయుధాలు అప్పగించటం ఐక్యరాజ్యసమితి మనుషులు దగ్గరుండి చూశారు. అంతా బాగైపోయిందని అనను, సంతకం పెట్టనివాళ్లు అడవుల్లో ఉండనే ఉన్నారు. కానీ ఒప్పందం ఒరిగినప్పుడు ఎవరు పట్టుకోవాలో తెలుసు.

నా ప్రశ్న వేరు. ఆ పూచీ దేశాల్ని తెలుగులో ఏమనాలి? పత్రికలు ‘హామీదారు దేశాలు’ అంటున్నాయి, వినడానికి బ్యాంకు అప్పులాగుంది. మన పాత మాట ‘పూటకాపు’ ఉంది కదా. క్యూబా, నార్వే పూటకాపులు. ఎట్టుంది?

కావలి మాస్టారు: మాట బంగారం. కానీ పూటకాపు కూడా అప్పు మాటే వకీలు గారూ. అసలువాడు ఎగ్గొడితే పూటకాపు కట్టాలి. ఒప్పందం చెడితే నార్వే ఏం కడుతుంది?

ఒంగోలు వకీలు: పరువు కడుతుంది.

కావలి మాస్టారు: పరువు జప్తు చేసే కోర్టు ఏదో చెప్పండి, అప్పుడు ఒప్పుకుంటా.

ఉదయగిరి అక్క: శ్రీలంకలో నార్వే తనని మధ్యవర్తి అని కూడా అనొద్దంది. మాట్లాడుకోవటానికి వీలు కల్పించేవాళ్లం, అంతే, తీర్పు చెప్పం అంది. మధ్యవర్తికీ ఆ పనికీ తేడా చూపే ఒక్క తెలుగు మాట మన పత్రికల్లో నాకు కనపడలేదు. రాయబారి కాదు, తగవరి కాదు, పూటకాపు అసలే కాదు. పీట వేసి పక్కన నిలబడేవాడు. ఈ పనికి మాట లేనందువల్లే మనం నార్వేని మధ్యవర్తి అని రాశాం, తర్వాత మధ్యవర్తి విఫలమయ్యాడని తిట్టాం.

ఒంగోలు వకీలు: మాట సంగతి వచ్చింది గనక, పెన్నగట్టు గారి ‘ఉ’ కన్నా చిన్న ముక్క మీద అరవై ఏళ్లుగా తగవు నడుస్తుండాది. 1967 నవంబరు 22న భద్రతామండలి 242వ తీర్మానం. ఆక్రమించిన ప్రాంతాల నుంచి ఇజ్రాయెల్ సేనలు వైదొలగాలి అని. ఇంగ్లీషు పాఠంలో ‘ప్రాంతాలు’ ముందు ‘the’ అనే నిర్దేశించే ముక్క పెట్టలేదు, కావాలనే. అన్ని ప్రాంతాలూ అని ఒకరు, కొన్ని అని ఒకరు. ఫ్రెంచి పాఠంలో ‘ఆ ప్రాంతాలు’ అన్నట్టుగా ఉంది. తెలుగులోకి తెచ్చామా, తగవే మాయం. మనకా ముక్క లేదు.

అద్దంకి కుర్రోడు: అంటే తెలుగులో రాసుంటే సంధి కుదిరేదంటారా?

కనిగిరి పసులకాపరి: మా కౌలు తెలుగులోనే ఉండింది అబ్బయ్యా. కుదిరిందా?

కోవూరు వరిచేను: నా ఉపేక్షకి ఎవరూ సరైన జవాబు చెప్పలేదు, గమనించాలి.

పెన్నగట్టు: చెప్తా వరిచేనన్నా. చివరి పాదం చూడు, ‘ధర్మనిస్తారకమయ్యు సత్యశుభదాయకమయ్యును దైవ ముండెడున్’. ధర్మాన్ని గట్టెక్కించటానికి దైవం ఉండనే ఉంది, చేటు మాత్రం దక్షులదే. ఎత్తు వేసినవాడికి లాభమో నష్టమో, ఏదో ఒకటి చేతికి రావాలి. ఇక్కడ దక్షుడు చేసినా చెయ్యకపోయినా ధర్మం గట్టెక్కుతుంది. వాడి చేతిలో ఉన్నది వాడి చేటు ఒక్కటే. అందువల్ల నిర్లక్ష్యమే.

అయితే ఈ పాదం నా వ్యాసానికి ఇబ్బంది. శ్రీలంకలో దక్షులకి ఏ చేటూ రాలేదు. 2009 మేలో యుద్ధం ముగిసేదాకా చచ్చింది తమిళ జనం. నెత్తిన పెట్టుకుంటే పద్యం అబద్ధమవుతుందేమోనని భయంగా ఉండాది.

ఉదయగిరి అక్క: పద్యం అబద్ధం కాదు. కృష్ణుడు ఎదురుగా కూర్చున్న భీష్మద్రోణులకి చెప్తున్నాడు, వాళ్లు ఆ ఇంటివాళ్లు. ఇల్లు కాలితే వాళ్లూ కాలతారు. ఓస్లో, టోక్యో ఆ ఇంట్లో లేవు. తిక్కన దక్షుడు సభలోవాడే కావాలి. ‘సభాసదః’ని తీసేశాడని ఇందాక అన్నాను, తీసెయ్యలేదు, దక్షుల్లో కలిపేశాడు.

కావలి మాస్టారు: ఇప్పుడు దారికొచ్చారు. అయితే రెండో పాదం కూడా సరిచూసుకోవాలి. ‘చెడఁబాఱినదైన యవస్థ’. ఈ గుంపులో ఒక్కరూ అరసున్న పెట్టలేదు, పైగా ‘బారిన’లో బండి ఱ అని ఎంతమందికి తెలుసు?

అద్దంకి కుర్రోడు: నాకు ‘చెడబారినయట్టి యవస్థ’ అని నోటికొచ్చు. గణాలూ సరిపోతాయి.

కావలి మాస్టారు: మళ్లీ మొదలెట్టావా. ముందు ఱ సంగతి చెప్పు.

అద్దంకి కుర్రోడు: ఎఱ్ఱన ఊరివాణ్ణి, నాకు బండి ఱ నేర్పుతారా మాస్టారూ!

పెన్నగట్టు: ఎఱ్ఱన గుడ్లూరువాడని కదా చెప్తారు. 2022లో గుడ్లూరుని నెల్లూరు జిల్లాలో కలిపారు. ఆ లెక్కన ఆయనా మావాడే.

కనిగిరి పసులకాపరి: జిల్లా గీత జరిగినప్పుడల్లా కవిని మార్చుకుంటారా మీరు?

అద్దంకి కుర్రోడు: ఎఱ్ఱనని పోషించిన ప్రోలయ వేమారెడ్డి కొలువు అద్దంకి. ఎఱ్ఱన పుట్టింది ఎక్కడైనా, రాసింది మా ఊళ్లో. దీనికి వేరే చర్చ పెడుతున్నా, అందరూ అక్కడికి రండి.