అప్‌డేట్: భోజనాల దగ్గర మొరిగే మా కుక్క

అన్నం తింటుంటే ముద్ద కోసం మొరిగే మా కుక్క గురించి అడిగాను కదా. మీరు చెప్పినట్టే పెట్టడం ఆపేశాం. మొదట్లో తగ్గకపోగా రెట్టింపైంది. మల్కాజిగిరిలో మా కింది ఫ్లోర్ ఆంటీ పైకొచ్చేశారు! ముద్ద ఆగిన కొత్తలో అలా రెచ్చిపోవడం మామూలేనట. తర్వాత మెల్లగా చల్లబడింది. దసరా సెలవులకి ఊరెళ్లొచ్చాక మళ్లీ మొదలైతే టెన్షన్ పడ్డాను. రష్యన్ శాస్త్రవేత్త పావ్లోవ్ తిండికి ముందు ఓ శబ్దం వినిపిస్తూ, ఆ శబ్దానికే లాలాజలం ఊరేలా కుక్కలకి అలవాటు చేశాడు. తిండి పెట్టకుండా శబ్దమే వినిపిస్తుంటే ఆగిపోయిన లాలాజలం, కొంత విరామం తర్వాత తిరిగి ఊరేదట. నేర్చుకున్నది చెరిగిపోదు, అణగి ఉంటుంది. ఈసారి త్వరగానే మానింది.

అసలు చిక్కు మా నాయనమ్మ. రోజూ పెట్టేదానికన్నా అప్పుడప్పుడూ చాటుగా పెట్టే ముద్దతోనే అలవాటు మొండికేస్తుంది. ఆవిడకి చెప్పేదెవరు? ఆవిడ తినేటప్పుడు కుక్కని బాల్కనీలో ఉంచుతున్నాం.