ఆయిల్ ఇంజన్ డీజిల్ పంపు టైమింగ్ ఇంట్లో చూసుకోవచ్చా? పొద్దున పూట తెల్ల పొగ, స్టార్టింగ్ కష్టం

దుగ్గిరాల రైతు:
అందరికీ నమస్కారం. మాది దుగ్గిరాల దగ్గర పల్లె. నాన్న కొన్న కిర్లోస్కర్ ఏవీ1 ఇంజన్, 5 హెచ్‌పీ, వరి కోశాక వేసిన మొక్కజొన్నకి కాలవ నీళ్లు తోడటానికి ఇప్పటికీ అదే దిక్కు. పోయిన నెల గుంటూరులో పని చేయించాను, లైనర్, పిస్టన్, రింగులు కొత్తవి పడ్డాయి. తంటా అప్పటి నుంచే. పొద్దున్నే పదిసార్లు హ్యాండిల్ తిప్పితే గానీ అందుకోదు, అందుకున్నాక పది నిమిషాలు తెల్ల పొగ, దగ్గర నిలబడితే కళ్లు మండుతాయి. లోడ్ మీద ఊపు లేదు, ఇదివరకు ఎకరం తడిసే టైములో ఇప్పుడు ముప్పావు కూడా తడవట్లేదు. వేడెక్కాక ఆపి మళ్లీ తిప్పితే మాత్రం ఒక్క చుట్టుకే అందుకుంటుంది. పని చేసిన మెకానిక్ డీజిల్ పంపు పోయింది, కొత్తది వేయాలంటున్నాడు. బాగా నడిచిన పంపు నెల తిరిగేసరికి ఎలా పోయిందో నాకు అర్థం కావట్లేదు. నిన్న చూస్తే పంపు ఫ్లాంజ్ (ఇంజన్‌కి బిగించే అంచు) కింద పల్చటి రేకులు మూడు ఉన్నాయి, రెండు నూనె పట్టి నల్లగా ఉన్నాయి, ఒకటి మాత్రం కొత్తగా మెరుస్తోంది. టైమింగ్ అంటే ఇదేనా?

ఆటోనగర్ పంపు బెంచ్:
అదేనండీ. ఆ రేకుల్నే షిమ్‌లంటాం. షిమ్ పెరిగితే పంపు పైకి లేస్తుంది, క్యామ్ వచ్చి ప్లంజర్‌ని (పంపులో డీజిల్ నెట్టే కడ్డీ) నెట్టడం ఆలస్యమవుతుంది, డీజిల్ లేటుగా పడుతుంది. షిమ్ తీస్తే ముందుకి వస్తుంది. మీరే సగం జవాబు రాశారు, చల్లగా ఉన్నప్పుడు మొరాయించి వేడి మీద ఒక్క చుట్టుకే అందుకుంటోందంటే ఎలిమెంట్, అంటే ప్లంజరూ దాని గొట్టమూ, అరిగినట్టు కాదు. అరిగిన ఎలిమెంట్ సాధారణంగా దీనికి ఉల్టాగా చేస్తుంది, వేడికి డీజిల్ పల్చబడి ప్లంజర్ పక్కనుంచి జారిపోతుంది కాబట్టి వేడి మీదే స్టార్ట్ కాదు. కళ్లు మండే తెల్ల పొగ కాలని డీజిల్‌ది. విజయవాడలో మా పంపు టెస్టింగ్ బెంచ్ మీదకి వారానికొకటైనా ఇలా వస్తుంది, ఎక్కించి చూస్తే పంపు శుభ్రంగా ఉంటుంది.

మీ మోడల్‌కి మామూలుగా టీడీసీకి, అంటే పిస్టన్ పూర్తిగా పైకొచ్చే చోటుకి, 23 డిగ్రీల ముందు డీజిల్ పడాలి, అయినా ముందు మీ ఇంజన్ పుస్తకమో ప్లేటో చూసుకోండి, అక్కడ ఏ అంకె ఉంటే అదే లెక్క. 1500 ఆర్‌పీఎంలో 23 డిగ్రీలంటే రెండున్నర మిల్లీ సెకన్లు, అంతే. అందులో ఏడెనిమిది డిగ్రీలు పోతే ఏం మిగులుతుంది చెప్పండి.

చెవి లెక్క:
ఇంత లెక్కలెందుకు సార్. ఒక షిమ్ తీసి స్టార్ట్ చేయండి, సౌండ్ వినండి, గట్టిగా కొడితే మళ్లీ పెట్టండి. మా తాత ముప్పై ఏళ్లు చెవితోనే పెట్టాడు.

ఆటోనగర్ పంపు బెంచ్:
తాతగారి చెవి మనకి లేదుగా! టైమింగ్ మరీ ముందుకి పోతే మొదట బాగుందనిపిస్తుంది, పొగ తగ్గుతుంది, తర్వాత సుత్తితో కొట్టినట్టు కణకణమంటుంది, తిప్పేటప్పుడు హ్యాండిల్ వెనక్కి తంతుంది. బొటనవేలు హ్యాండిల్ చుట్టూ వేసి పట్టుకున్నవాళ్లకి మణికట్టు విరగడం నేను చూశాను. బొటనవేలు కూడా మిగతా నాలుగు వేళ్ల పక్కనే పెట్టి పట్టుకోండి, టైమింగ్ సరిగ్గా ఉన్నా సరే.

రైతు గారూ, పద్ధతి చెబుతా. అసలు కష్టం టీడీసీ దొరకబుచ్చుకోవడమే, పైకొచ్చాక పిస్టన్ కొన్ని డిగ్రీల పాటు కదిలినట్టే ఉండదు, కంటితో చూస్తే తప్పుతారు. డీజిల్ చిమ్మే నాజిల్ విప్పి ఆ రంధ్రంలోంచి సైకిల్ చువ్వ దింపండి, పైకొన గట్టిగా వంచి ఉంచండి, లోపల పడితే హెడ్ విప్పాల్సిందే. రెండు వాల్వులూ మూసుకున్న స్ట్రోక్ మీద, అంటే వాల్వుల్ని తెరిచే రెండు పుష్ రాడ్లూ లూజుగా ఉన్నప్పుడు, పిస్టన్ పైకి వస్తుండగా చువ్వ మీద గీత పెట్టి ఆ స్థానం ఫ్లైవీల్ మీద గీయండి. అలాగే తిప్పుతూ పోతే పిస్టన్ పైకెళ్లి దిగుతుంది, చువ్వ గీత మళ్లీ అదే ఎత్తుకి వచ్చిన చోట ఇంకో గీత. రెంటికీ సరిగ్గా మధ్యలో టీడీసీ.

తర్వాత ఫ్లైవీల్ చుట్టుకొలత టేపుతో కొలిచి 360తో భాగించండి. 1440 మిల్లీమీటర్లు వస్తే డిగ్రీకి 4, అప్పుడు 23 డిగ్రీలంటే 92. టీడీసీ కంటే అంత ముందు వచ్చే చోట గుర్తు పెట్టండి. ఇప్పుడు హైప్రెషర్ పైపు విప్పి, పంపు పైన ఆ పైపు బిగించే డెలివరీ హోల్డర్ తీసి, లోపలి వాల్వూ స్ప్రింగూ శుభ్రమైన డీజిల్ గిన్నెలో వేసి, హోల్డర్ మళ్లీ బిగించండి. కాటన్ వేస్ట్ దగ్గరికి రానివ్వొద్దు, ఒక్క పోగు చాలు వాల్వు ఎత్తిపట్టడానికి. ర్యాక్, అంటే డీజిల్ ఎంత పడాలో మార్చే కడ్డీ, ఫుల్లులో ఉంచితే ట్యాంకు డీజిల్ పైనుంచి కారుతుంటుంది. ఇంజన్ తిరిగే వైపుకే నెమ్మదిగా తిప్పండి. ధార సన్నబడి చుక్కలై ఆగిపోయిన క్షణం ఏ గీత ఉందో అదే మీ టైమింగ్. దాటిపోతే బాగా వెనక్కి వెళ్లి మళ్లీ రండి, గేర్ల సందు లెక్కలో కలవకూడదు.

తెనాలి ట్రాక్టర్:
రెండు మాటలు. కొత్త రింగులు ఇంకా కూర్చోకపోయినా చలికి స్టార్టింగ్ కష్టమే, కాబట్టి తిప్పడం తేలిక చేసే డీకంప్రెషన్ లివర్ వదిలాక హ్యాండిల్ గట్టిగా ఎదురుతన్నుతోందో లేదో ముందు చూడండి. నాజిల్ కూడా ఒకసారి టెస్ట్ చేయించండి, ఎలాగూ విప్పుతున్నారు. స్ప్రేకి చెయ్యి మాత్రం అడ్డం పెట్టొద్దు, ఆ ప్రెషర్‌కి డీజిల్ చర్మంలోకి దూరిపోతుంది.

రెండోది ఇంకా ముఖ్యం. పంపు విప్పి మళ్లీ పెట్టేటప్పుడు ర్యాక్ స్పీడు అదుపు చేసే గవర్నర్ లింకులో కూర్చుందో లేదో వేలితో కదిపి చూడండి. మా బాబాయి ఒకసారి చూడకుండా స్టార్ట్ చేశాడు, ఇంజన్ పగ్గాల్లేని గిత్తలా లేచింది, ఎయిర్ ఫిల్టర్ గొట్టానికి గోనెసంచి కుక్కితే గానీ ఆగలేదు.

దుగ్గిరాల రైతు:
చేశానండీ, రెండు రోజులు పట్టింది. హ్యాండిల్ గట్టిగానే ఎదురుతన్నుతోంది, కంప్రెషన్ బాగుంది. నాజిల్ తెనాలిలో టెస్ట్ చేయించాను, బాగుందన్నారు. ఫ్లైవీల్ చుట్టుకొలత 1512 వచ్చింది, డిగ్రీకి 4.2. మొదటిసారి ధార ఆగిన చోటు టీడీసీకి 67 మిల్లీమీటర్ల ముందు, అంటే 16 డిగ్రీలే! నమ్మలేక మూడుసార్లు తిప్పి చూశాను. మెరిసే షిమ్ తీసేసి మళ్లీ కొలిస్తే 95 వచ్చింది, ఇరవై రెండున్నర పైన. పుస్తకంలో 23 అనే ఉంది, దాంతో ఆపేశాను. ర్యాక్ రెండుసార్లు కదిపి చూసే బిగించాను.

ఇవాళ పొద్దున ఐదున్నరకి మూడో చుట్టుకే అందుకుంది. తెల్ల పొగ అరనిమిషం వచ్చి పోయింది. సౌండ్ మాత్రం కాస్త గట్టిగా ఉంది, నెల రోజులు మెత్తటి సౌండ్ విని అలా అనిపిస్తోందా, నిజంగా కొడుతోందా?

ఆటోనగర్ పంపు బెంచ్:
లోడ్ మీద అరగంట నడిపి వినండి. వేడెక్కాక తగ్గితే ఫర్వాలేదు. తగ్గకపోతే ముందు ట్యాపెట్ క్లియరెన్స్ (వాల్వుల దగ్గర వదిలే సందు) చూడండి, హెడ్ విప్పిన ఇంజన్ కదా. ఆ తీసిన షిమ్ పారేయకుండా టూల్ డబ్బాలో వేసుకోండి.